రాజా దీన్‌దయాళ్: గాజు పలకల మీద హైదరాబాదు

స్వర్ణోత్సవ సావనీర్ కమిటీ వాళ్ళు మొదట నన్ను అడిగింది వ్యాసం కాదు, ఫోటోలు. రాజేంద్రనగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా స్టూడియో నడిపినవాణ్ణి కదా, బడి గ్రూపు ఫోటోలన్నీ నా దగ్గర భద్రంగా ఉంటాయనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు. 1986 నుంచి పదిహేడేళ్ళ పాటు పదో తరగతి వీడ్కోలు ఫోటో తీసింది నేనే. ఎండలు ముదరకముందే ఒక పొద్దున వేపచెట్టు కింద బెంచీలు వేయించి, ముందు వరుసలో సార్లను, మేడమ్‌లను కూర్చోబెట్టి, వెనక పిల్లల్ని ఎత్తు చూసి నిలబెట్టి, కళ్ళు మూయొద్దని అరిచి, మూడుసార్లు నొక్కేవాణ్ణి. మూడింటిలో ఒక్కదాంట్లోనైనా అందరి కళ్ళూ తెరిచి ఉండకపోతాయా అన్నది నా ఆశ. ఆ నెగెటివ్‌లను ఏడాది వారీగా కవర్లలో పెట్టి, తారీఖు రాసి, రెండు ట్రంకు పెట్టెల్లో దాచాను.

ఇప్పుడవి లేవు. 2009లో డార్క్‌రూము ఎత్తేసి కంప్యూటరు, ప్రింటరు పెట్టుకున్నప్పుడు చోటు చాలలేదు. పాత బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లను, ఎక్స్‌రే ఫిల్ములను కొని వెండి తీసేవాళ్ళు అప్పట్లో వీధివీధీ తిరిగేవాళ్ళు. రెండు పెట్టెలూ తూకానికి ఇచ్చేశాను. ఎంత ఇచ్చారో గుర్తు లేదు, గుర్తుండేంత ఇవ్వలేదు. రంగు నెగెటివ్‌లలో వెండి ఉండదు కాబట్టి వాటిని వాళ్ళు తీసుకోలేదు, నేనే చెత్తబండిలో వేశాను. ఈ మాట కమిటీ ముందు చెప్పుకోవడానికి నాకు వారం పట్టింది. వాళ్ళు ఏమీ అనలేదు. పూర్వ విద్యార్థుల గ్రూపులో ఒక సందేశం పెట్టారు: ఎవరింట్లో ఏ పాత ఫోటో ఉన్నా తీసుకురండి, చిరిగినా, మరకలు పడినా సరే, ఫలానా స్టూడియో ఆయన బాగుచేసి మీది మీకు తిరిగి ఇస్తాడు అని. అదే నాకు వేసిన శిక్ష అనుకుని ఒప్పుకున్నాను.

రెండో రోజే ఒకామె వచ్చింది. మన బడి గంట కొట్టిన అటెండరు కూతురు. తాత, తాత అని మనమంతా పిలిచిన మనిషి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటో 2000 ఆగస్టు వానలకు ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు ముద్దయిపోయిందట. ప్రతి ఏడాదీ గ్రూపు ఫోటోలో ఒక చివర నాన్న నిలబడేవాడు కదన్నా, ఒక్కటి తీసివ్వు, చాలు అంది. నిలబడేవాడు. నేనే పిలిచేవాణ్ణి. గంట దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కుడి చివర నిలబడేవాడు. నెగెటివ్‌లు అమ్ముకున్నానని ఆమెకు చెప్పలేక, వెతుకుతాను చెల్లే అని పంపించాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిద్ర పట్టనప్పుడు దీన్‌దయాళ్ ఫోటోల పుస్తకం ముందు వేసుకుని కూర్చోవడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. పదో తరగతి కాగానే ఆబిడ్స్‌లో ఒక స్టూడియోలో పనికి కుదిరాను. అక్కడ క్యాష్ బల్ల మీద లక్ష్మీదేవి పటం పక్కన తలపాగా పెట్టుకున్న ఒక పెద్దమనిషి పటం ఉండేది. అది యజమాని తండ్రిదేమో అనుకుని ఆరు నెలలు దండం పెట్టాను. తరువాత తెలిసింది, ఆయన మా వృత్తికే తండ్రి లాంటివాడని. సావనీర్‌కు ఏదైనా రాయమని కమిటీ మళ్ళీ అడిగినప్పుడు, మా తాత సంగతి రాయాలన్నా ముందు ఈయన సంగతి చెప్పక తప్పదనిపించింది.

దీన్‌దయాళ్ హైదరాబాదువాడు కాదు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో, నగల వ్యాపారం చేసే ఒక జైన కుటుంబంలో పుట్టాడు. చదివింది ఇంజనీరింగు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో, అంటే ఇప్పటి ఐఐటీ రూర్కీలో, కింది స్థాయి ఉద్యోగాలకు తయారుచేసే కోర్సు. అది పూర్తి చేసి ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. కట్టడాలకు ఎంత ఇటుక, ఎంత సున్నం, ఎంత ఖర్చు అని లెక్క కట్టడం, నక్షాలు గీయడం ఆయన పని. ఆ పని ఆయన్ని వదల్లేదని నాకనిపిస్తుంది. ఆయన తీసిన ఏ కోటను చూసినా, ఏ గుడిని చూసినా, నిలువు గీత నిలువుగానే ఉంటుంది. మనలాగా కెమెరా పైకెత్తి గోపురం వెనక్కి వాలిపోయినట్టు తీసినది నేనెక్కడా చూడలేదు.

కెమెరా పట్టింది 1874లో, అప్పటికి ముప్పై ఏళ్ళవాడు. ఇప్పటి పిల్లలకు పదేళ్ళకే ఫోను చేతిలో ఉంటుంది కాబట్టి వాళ్ళకు ఇది వింతగా ఉండవచ్చు. ఆ రోజుల్లో ఫోటో తీయడమంటే సగం వంట, సగం గారడీ. గాజు పలక శుభ్రంగా తుడిచి దాని మీద కొలోడియన్ అనే జిగురు మందు పోసి, నాలుగు మూలలకూ సమంగా పారేట్టు పలకను చేతుల్లో వంచుతూ తిప్పాలి. చీకట్లో దాన్ని వెండి ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీయాలి, తడి ఆరకముందే మళ్ళీ చీకట్లోకి తెచ్చి కడగాలి. అంతటికీ పట్టుమని పది, పదిహేను నిమిషాలు. మందులో ఉండేది ఈథరు. మన ఎండలకు అది ఎంతసేపు ఆగుతుంది? అందుకే ఊరు దాటి ఫోటో తీయాలంటే చీకటి గుడారం, మందు సీసాలు, నీళ్ళు, గాజు పలకల పెట్టెలు, మోసే మనుషులు, ఎడ్లబండి అన్నీ వెంట ఉండాల్సిందే. పలక ఎంత ఉంటే ఫోటో అంత. పెద్దది కావాలంటే పెద్ద పలక, దానికి తగ్గ కెమెరా. 1880ల్లో ఆరిన పూతతో తయారైన ప్లేట్లు చేతికొచ్చాక గానీ ఫోటోగ్రాఫర్లకు ఈ గుడారం బాధ తప్పలేదు.

ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్ ఈయన పని చూసి ముచ్చటపడ్డాడు. గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీకి పరిచయం చేశాడు. ఒక తలుపు తెరుచుకుంటే దాని వెనక మరొకటి. 1875–76లో వేల్స్ యువరాజు దేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటన ఫోటోలు తీసే అవకాశం దొరికింది. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ అంతా తిరిగాడు. సాంచీ, ఖజురహో, గ్వాలియర్, ఓర్ఛా, దతియా ఫోటోలు అప్పటివే. వాటిలోంచి 86 ఫోటోలతో మధ్య భారత కట్టడాల మీద ఒక పెద్ద సంపుటం వచ్చింది. ఇంతా చేస్తున్నది సర్కారు ఉద్యోగంలో ఉంటూనే. చివరికి రెండేళ్ళు సెలవు పెట్టాడు. సెలవు అయ్యాక తిరిగి పనిలో చేరలేదు, 1887లో ఉద్యోగానికి దండం పెట్టి బయటపడ్డాడు. నలభై మూడేళ్ళ వయసులో, ఇద్దరు కొడుకులున్న ఇంటివాడు నెల జీతం వదులుకున్నాడన్న మాట. మన సార్లు దీన్ని విద్యార్థులకు చెప్పాలో వద్దో వాళ్ళే ఆలోచించుకోవాలి.

హైదరాబాదు రాక ఆ మధ్యలోనే జరిగింది. 1884లో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పూర్తి అధికారాలు వచ్చాయి, అప్పటికి నవాబుకు పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదు. దీన్‌దయాళ్ ఆయన దర్బారు ఫోటోగ్రాఫరయ్యాడు, 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. రాజుగారు కుర్రవాడు, షోకు ఉన్నవాడు. మంచి బట్టలన్నా, గుర్రాలన్నా, వేట అన్నా, కెమెరా అన్నా ఇష్టం. ఆ ఇష్టం మన అదృష్టం. చార్మినార్, మక్కా మసీదు, గోల్కొండ సమాధులు, దేవుళ్ళు, నవాబుల హవేలీలు, సైన్యం కవాతులు, పులివేటలు, విందుబల్లలు, అతిథులుగా వచ్చిన దొరలు, వాళ్ళ కుక్కపిల్లలు కూడా పలకల మీదికెక్కాయి. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అని, రాజా బహదూర్ అని బిరుదులిచ్చాడు. ముసవ్విర్ అంటే బొమ్మలు గీసేవాడు. జంగ్ అంటే యుద్ధం. ఆ కాలపు దర్బారులో ఎవరికి బిరుదిచ్చినా జంగ్ తగిలించేవాళ్ళు, నిజమే. అయినా పది నిమిషాల్లో ఆరిపోయే పలకతో, మన మే నెల ఎండలో కుస్తీ పట్టిన మనిషికి అది ఊరికే పెట్టిన పేరు అనిపించదు. రాజుగారు ఆయన మీద ఉర్దూలో రెండు పాదాల పద్యం కూడా అల్లాడని చెప్పుకుంటారు.

ఫలక్‌నుమా ఫోటోలు చూడండి. మన రాజేంద్రనగర్‌కు ఆ గుట్ట ఎంత దూరం! పైగా నవాబు వికారుల్ ఉమ్రా కట్టించి తరువాత నిజాంకు ఇచ్చిన భవనం. మనలో చాలామంది కింద రోడ్డు మీంచి తల ఎత్తి చూసినవాళ్ళమే తప్ప లోపల అడుగు పెట్టినవాళ్ళం కాము. దీన్‌దయాళ్ పలకల మీద ఆ లోపలి గదులు, మెట్లు, షాండిలియర్లు, కుర్చీల మీది బట్ట నేత కూడా కనిపిస్తుంది. కిటికీ వెలుతురుతో లోపలి గదిని తీయాలంటే లెన్సు మూత తీసి చాలాసేపు ఆగాలి. ఆ సేపట్లో ఎవరైనా నడిచి వెళితే మనిషి ఫోటోలో పడడు, పొగలా ఒక చారిక మాత్రం మిగులుతుంది. పాత ఫోటోల్లో బజారు ఖాళీగా కనిపించడానికి కూడా ఒక్కోసారి కారణం ఇదే. జనం లేక కాదు, జనం ఆగక.

1892లో హైదరాబాదులో ఆయన జనానా స్టూడియో పెట్టాడు. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళ కోసం, చుట్టూ ఎత్తైన గోడలతో, లోపల మగవాడనేవాడు లేకుండా. నడిపింది ఒక ఇంగ్లీషు మహిళ. ఇది వ్యాపారపు తెలివే అనుకోండి, కానీ కెమెరా ముందు కూర్చోవాలన్న కోరిక ఆడవాళ్ళకూ ఉంటుందని ఆ రోజుల్లో గుర్తించడం చిన్న సంగతి కాదు. నా స్టూడియోలో తొంభైలలో కూడా, పెళ్ళిచూపుల ఫోటోకు వచ్చిన ఆడపిల్ల వెంట అన్నో తండ్రో వచ్చి లైటు ఎటు వేయాలో నాకు నేర్పేవాళ్ళు.

తరువాతి ఏడాది, 1893లో, షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు ఆయన ఫోటోలు వెళ్ళాయి. 1896లో బొంబాయిలో ఒక పెద్ద స్టూడియో తెరిచాడు. 1897లో విక్టోరియా రాణి ఫోటోగ్రాఫరుగా నియామకపత్రం వచ్చింది. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ అప్పటికి చేతికొచ్చారు. పని అంతా ఆయన ఒక్కడే చేశాడనుకోవద్దు. పలకలు పూసేవాళ్ళు, కడిగేవాళ్ళు, కాగితం తయారుచేసేవాళ్ళు, నెగెటివ్ మీద సన్నని పెన్సిలుతో ముఖం మచ్చలు దిద్దే రీటచర్లు, ఆల్బమ్‌లు కట్టేవాళ్ళు, అంతా కలిసి పెద్ద కార్ఖానా. ప్రింటు కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూత వేసేవాళ్ళు, దానిమీద వెండి ఉప్పు. ఆ తెల్లసొనే కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. పాత ఫోటోలు గోధుమ రంగులో ఉండటం మనకు అందంగా కనిపిస్తుంది గానీ, స్టూడియోలోంచి బయటికి వచ్చిన రోజు అవి అలా లేవు. ఇప్పుడు పెళ్ళి ఆల్బమ్‌లలో కావాలని ఆ రంగు పెట్టించుకుంటున్నారు, పెడుతున్నది నాలాంటివాళ్ళమే.

నేను ఎక్కువసేపు చూసే ఫోటోలు రెండున్నాయి. ఒకటి 1902 ఏప్రిల్–మే నాటిది, మన వరంగల్ పక్కన నెక్కొండ వేట విడిదిలో తీసింది. వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య, వాళ్ళ ముందు ఆ రోజు పడిన పులి. రైలులో నెక్కొండ స్టేషను దాటినప్పుడల్లా ఆ పులి గుర్తొస్తుంది. రెండోది అంతకు రెండు మూడేళ్ళ ముందు, 1899–1900 కరువులో, నిజాం రాజ్యంలోనే ఔరంగాబాదు వైపు తీసింది. సాయం కోసం వచ్చిన జనం. డొక్కలు అంటుకుపోయిన పిల్లలు, ముసలివాళ్ళు, అందరూ కెమెరా వైపే చూస్తుంటారు. దర్బారు కోసం, సర్కారు చేస్తున్న సాయం చూపించడం కోసం తీసిన ఫోటో అది. ఎందుకు తీయించినా సరే, పలక మీద పడింది మాత్రం వాళ్ళే. షాండిలియర్ తీసిన చేత్తోనే, అంతే శ్రద్ధగా ఫోకస్ చేసి తీశాడు. ఎవరి ముఖమూ కదిలిపోలేదు.

నెక్కొండ ఫోటో కింద కర్జన్ పేరుంది, ఆయన భార్య పేరుంది, ఊరు పేరుంది. పులిని తోలుకొచ్చిన వాళ్ళ పేర్లు లేవు. కరువు ఫోటో కింద ఒక్క పేరు కూడా లేదు. ఇది దీన్‌దయాళ్ తప్పని నేననను. ఆ రోజుల్లో పేరు రాసే పద్ధతే అంత. కానీ ఆ రాత్రి పుస్తకం మూసి, గ్రూపు ఫోటో అట్ట కింద నేను వేయించిన పేర్ల వరుసలు గుర్తుచేసుకున్నాను. కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి, నిలబడినవారు మొదటి వరుస, రెండో వరుస. తాత పేరు ఏ ఏడాదీ అందులో లేదు. పేర్ల జాబితా ప్రెస్సుకు ఇచ్చింది నేనే. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆయన అసలు పేరేమిటో నాకు తెలియదు.

దీన్‌దయాళ్ ఆఖరి రోజులు త్వరగా చెప్పేస్తాను, అవి చెప్పడానికి బాగుండవు. 1903 ఢిల్లీ దర్బారు ఫోటోల పనిలో సంస్థంతా మునిగి ఉంది. 1904లో చిన్నకొడుకు ధరమ్‌చంద్ పోయాడు. 1905 జూలై 5న ఆయన పోయాడు. జ్ఞాన్‌చంద్ స్టూడియోను నడిపాడు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కూడా పోయాక దర్బారులో ఆ పాత వైభవం లేదు. అప్పటికి చేతిలో పట్టే కొడాక్‌లు వచ్చేశాయి, ఫోటో తీయడానికి రాజుగారి ఫోటోగ్రాఫరే అక్కర్లేదు.

ఆయన తీసిన ఊరు కూడా అట్లాగే నిలవలేదు. ఆయన పోయిన మూడేళ్ళకు, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి నగరం సగం ఊడ్చుకుపోయింది. ఆ వరద మళ్ళీ రాకూడదనే 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ కట్టారు. మన బడి నుంచి ఏటా పిక్నిక్‌కు పోయి, పులిహోర తిని, కట్ట మీద పరుగులు తీసిన హిమాయత్‌సాగర్‌ను దీన్‌దయాళ్ చూడలేదు. చూసి ఉంటే ఆ కట్ట గీత ఎంత నిఖార్సుగా వచ్చేదో!

మిగిలిన కథ గాజు పలకలది. ఆయన తీసినవి వేలకు వేలు. గాజు పగులుతుంది, చెమ్మకు పూత లేస్తుంది, బూజు పడుతుంది, అంచుల్లో వెండి పైకి తేలి అద్దంలా మెరుస్తుంది. అన్నీ తట్టుకుని కుటుంబం దగ్గర మిగిలిన 2,857 గాజు నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొన్నది. వాటిని శుభ్రం చేసి, ప్రింట్లు తీసి, 2010లో పెద్ద ప్రదర్శన పెట్టారు. అంతకు ముందే, 2006లో, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఎనభై ఏళ్ళకు పైగా ఎవరో ఒకరు ఆ గాజు బరువును ఇంట్లో భరించారు. ఒక్క పలక చేత్తో పట్టుకుని చూస్తే తెలుస్తుంది ఆ బరువు ఎంతో. ఇల్లు మారినప్పుడల్లా అవి కూడా మారి ఉంటాయి, అడ్డంగా ఉన్నాయని ఎవరో ఒకరు విసుక్కునే ఉంటారు. తూకానికి మాత్రం వేయలేదు. ప్లాస్టిక్ ఫిల్ము రెండు పెట్టెలు నేను దాచలేకపోయాను.

ఇక మన ఫోటోల సంగతి. రెండు నెలల్లో సంచులకొద్దీ వచ్చాయి. గ్రూపు ఫోటోలే కాదు. శంషాబాదు రోడ్డుకు రెండు పక్కలా చెట్లున్న రోజుల్లో సైకిళ్ళ మీద నలుగురు స్నేహితులు, అనాబ్‌-ఎ-షాహీ ద్రాక్ష పందిరి కింద ఒక పెళ్ళిబృందం, బుద్వేల్ స్టేషనులో మీటరుగేజి రైలు దిగుతున్న మేనమామ, వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాల్లో నాట్లు వేస్తున్న కూలీల పక్కన నోటుబుక్కుతో నిలబడ్డ విద్యార్థులు, ఇప్పుడు విమానాశ్రయం ఉన్న వైపు బండల మధ్య మేకలు. ఇవి తీసినవాళ్ళు వీటిని ముఖ్యం అనుకుని తీయలేదు. రీలులో చివర ఒకటి మిగిలిందని తీసినవి చాలా ఉన్నాయి. ఇప్పుడు అందరూ ముందు వాటి దగ్గరే ఆగుతున్నారు.

గ్రూపు ఫోటోలు పదకొండు ఏళ్ళవి వచ్చాయి. వాటిలో తాత లేడు. నేను పెద్ద సైజులో ఇచ్చిన ప్రింటును ఇంట్లో ఉన్న ఫ్రేముకు పట్టడానికి అందరూ పక్కలు కత్తిరించారు. కత్తిరిస్తే మొదట పోయేది చివర నిలబడినవాడే. రెండింటిలో ఆయన భుజం ఉంది. ఒకదాంట్లో చెయ్యి ఉంది, చేతిలో గంట కొట్టే చెక్క కర్ర.

చివరికి మన తెలుగు మేడమ్ గారింట్లో 1991 ప్రింటు దొరికింది. ఆమె దాన్ని ఫ్రేము కట్టించలేదు, చీరల మధ్య పెట్టి మరిచిపోయారు. అంచులు చెక్కుచెదరలేదు. కుడి చివర తాత నిలువెత్తు ఉన్నాడు. కానీ కలరా ఉండ కరిగి అంటుకుని, రూపాయి బిళ్ళంత మరక ఆయన ముఖం ఎడమ సగం మీద పడింది.

నాకు కంప్యూటరులో సాయం చేస్తున్న కుర్రాడు మన బడివాడే, 2015 బ్యాచ్. ఐదు నిమిషాల పని అంకుల్ అన్నాడు. ఇప్పుడొచ్చిన సాఫ్ట్‌వేరుకు సగం ముఖం ఇస్తే మిగతా సగం అదే వేస్తుంది. నాకు తెలియకుండానే చేసి చూపించాడు కూడా. ముఖం బ్రహ్మాండంగా వచ్చింది. రెండు కళ్ళూ తేటగా, చెంపలు నున్నగా, ఒక పెద్దమనిషి నవ్వుతున్నాడు. ఆయన మా తాత కాదు. తాతకు ఎడమ కనుబొమ మీద గాటు ఉండేది. గంట కొడుతుంటే ఇనుప కమ్మీ జారి పడి తగిలిన గాటు అది. ఏ సాఫ్ట్‌వేరుకు ఎవరు చెప్పారు ఆ సంగతి? గాటును నేనే గీద్దామా అని ఒక పూట ఆలోచించాను. రీటచింగు నా చేతిలో పని, గీయగలను. ఎటు వంపు తిరిగి ఉండేదో మాత్రం ఒట్టేసి చెప్పలేను.

అందుకని మరక కింద మిగిలి ఉన్నదాన్ని మాత్రమే బయటికి తీశాను. ఎక్కువ రిజల్యూషనులో స్కాన్ చేసి, మరక రంగును కాస్త కాస్త తగ్గిస్తూ పోతే అడుగున వెండి బొమ్మ కొంత దొరికింది. నాలుగు రోజులు పట్టింది. కన్ను లీలగా తెలుస్తుంది, చెంప తెలియదు. కనుబొమ మీద ఒక తెల్లని గీత ఉంది, అది గాటో, కాగితం ముడతో నేను చెప్పలేను, దాన్ని ముట్టుకోలేదు. అలాగే ప్రింటు తీశాను.

ఆమె వచ్చిన రోజు ముందుగా నెగెటివ్‌ల సంగతి చెప్పాను. అమ్ముకున్నానని, అవి ఉంటే మీ నాన్న పదిహేడుసార్లు ఉండేవాడని. ఆమె ఫోటో చూస్తూ ఉంది, నా మాట విన్నదో లేదో తెలియదు. కాసేపటికి, నాన్న ఈ చొక్కా దసరాకు కొనుక్కున్నాడు అంది. గీత గాటా అని నేను అడగలేదు, ఆమె దాని మీద వేలు పెట్టి ఉంచింది. తరువాత పెన్సిలు అడిగి తీసుకుని ప్రింటు వెనక తండ్రి పేరు, ఇంటిపేరుతో సహా రాసింది. ముప్పై ఐదేళ్ళ తరువాత ఆయన పేరు నాకు అప్పుడు తెలిసింది. స్వర్ణోత్సవం రోజు హాలులో పెట్టే 1991 గ్రూపు ఫోటో అట్ట కొత్తగా వేయించాను. నిలబడినవారు, రెండో వరుస, కుడి చివర. అక్కడ చదవండి.

ఇంకా ఆరు ఏళ్ళ గ్రూపు ఫోటోలు రాలేదు: 1987, 1988, 1993, 1996, 1999, 2001. ఎవరింట్లోనైనా ఉంటే ఒక మాట. ఫోటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగొద్దు, పూత ఊడి అద్దంతో పోతుంది. తడిబట్టతో తుడవొద్దు, చిరుగుకు సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. ఫ్రేముతో సహా అట్లాగే స్టూడియోకు తీసుకురండి. ఆదివారం కూడా తెరిచే ఉంటాను.